ఏపీ వరల్డ్ హిస్టరీ: 1200 నుంచి 1750 దాకా ఈ కోర్సు ఎలా నడుస్తుంది, ఎక్కడ కుంటుతుంది

ఏపీ అంటే ఇక్కడ ఆంధ్రప్రదేశ్ కాదు, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. అమెరికాలో కాలేజ్ బోర్డ్ అనే సంస్థ హైస్కూలు పిల్లలకు కాలేజీ స్థాయిలో పెట్టే కోర్సులివి. ఏడాదంతా బడిలో పాఠం, మే నెలలో పరీక్ష, 1 నుంచి 5 దాకా స్కోరు. మంచి స్కోరుకు చాలా కాలేజీలు క్రెడిట్ ఇస్తాయి. వీటిలో ‘వరల్డ్ హిస్టరీ: మోడర్న్’ అనే కోర్సు పేరు చూసి ఇందులో అంతా ప్రపంచ యుద్ధాలూ ప్రచ్ఛన్నయుద్ధమే ఉంటుందనుకుంటే పొరపాటు. తొమ్మిది యూనిట్లలో మొదటి నాలుగు 1200 నుంచి 1750 వరకే నడుస్తాయి. బహుళైచ్ఛిక ప్రశ్నల్లో వీటి వాటా 40 నుంచి 50 శాతం. తక్కిన అయిదు యూనిట్లు అర్థం కావడమూ కాకపోవడమూ ఈ నాలుగింటి మీదే ఆధారపడి ఉంటుంది. అందుకే ఈ సమీక్ష ఆ నాలుగింటికే పరిమితం.

ముందు తప్పు చెప్పుకుని తర్వాత ఒప్పుల దగ్గరికి వెళ్దాం. ఈ కోర్సు కథ మధ్యలో మొదలవుతుంది. ఒకప్పుడు ఇది రాతియుగం నుంచి నేటిదాకా ఒకే ఏడాదిలో చెప్పే కోర్సు, అంటే ఎవరూ పూర్తి చేయలేని కోర్సు. 2018లో కాలేజ్ బోర్డ్ దాన్ని కోసి 1450 నుంచి మొదలుపెడతామంది. అలా చేస్తే ప్రపంచ చరిత్ర యూరప్ ఓడలు బయల్దేరడంతోనే మొదలైనట్టు అవుతుందని, ఆఫ్రికా, ఆసియా, అమెరికా రాజ్యాలు ఎవరో వచ్చి పడగొట్టడానికే పుట్టినట్టు కనిపిస్తాయని ఉపాధ్యాయులు, విద్యార్థులు గట్టిగా అభ్యంతరం చెప్పారు. చివరికి గీత 1200 దగ్గర పడింది, 2019–20 విద్యా సంవత్సరం నుంచి అమల్లోకి వచ్చింది. బేరమాడి తెచ్చిన సంవత్సరం కాబట్టి అందులో చారిత్రక తర్కం వెతక్కూడదు. 1206లో చెంఘిజ్ ఖాన్ మంగోలులందరికీ నాయకుడయ్యాడు, అదే ఏడు ఢిల్లీ సుల్తానత్ పుట్టింది. ఆ రెండూ ఈ గీతకు కలిసొచ్చిన అదృష్టాలు.

దీనివల్ల పిల్లలకు కలిగే ఇబ్బంది మొదటి వారంలోనే బయటపడుతుంది. మొదటి యూనిట్ రెండో అంశం ఇస్లామిక్ ప్రపంచం. అక్కడ పాఠం అబ్బాసిద్ ఖలీఫాల పతనంతో మొదలవుతుంది. ఏడో శతాబ్దంలో ఇస్లాం ఎలా పుట్టిందో, 762లో బాగ్దాద్ ఎందుకు కట్టారో, సున్నీ, షియా చీలిక ఎక్కడిదో తెలియని పిల్లకు సెల్జుక్‌లు, మామ్లుక్‌లు, ఢిల్లీ సుల్తానులు వరసగా వచ్చిపడతారు. మూడో యూనిట్లో టర్కీ ఒట్టోమన్లు సున్నీలు, ఇరాన్ సఫావిద్‌లు షియాలు, 1514లో చాల్దిరాన్ దగ్గర కొట్టుకున్నారు అని చదివేటప్పుడు ఆ లోటు మళ్లీ పొడుస్తుంది. చైనాలో సోంగ్ వంశం సంగతీ అంతే. త్వరగా పండే చంపా వరి, కాగితపు డబ్బు, సివిల్ సర్వీస్ పరీక్షలు, గ్రాండ్ కెనాల్ అని చెబుతారు గానీ ఆ పరీక్షల వెనకున్న కన్ఫ్యూషియస్ ఆలోచన ఏమిటో చెప్పే తీరిక ఉండదు.

కాబట్టి కోర్సు మొదలయ్యే ముందు వేసవిలో రెండు వారాలు, రోజుకు గంట చొప్పున ఈ అయిదూ చదివిస్తే చాలు: ఇస్లాం పుట్టుక నుంచి అబ్బాసిద్‌ల దాకా; కన్ఫ్యూషియనిజం, బౌద్ధం తూర్పు ఆసియాలో ఎలా కలిసి బతికాయన్నది; బైజాంటియం (తూర్పు రోమన్ సామ్రాజ్యం), 1054లో క్రైస్తవ చర్చి రెండుగా చీలడం, 1095లో క్రూసేడ్ల పిలుపు; హిందూ మహాసముద్రంలో రుతుపవనాల వర్తకం, 1025లో శ్రీవిజయ మీద రాజేంద్ర చోళుడి నౌకాదాడి; పశ్చిమ ఆఫ్రికాలో బంగారం, ఉప్పు వర్తకంతో ఎదిగిన ఘనా రాజ్యం. ఇంతకంటే ఎక్కువ అక్కర్లేదు. ఇవి పరీక్షలో నేరుగా అడగరు. కానీ వ్యాసాల్లో నేపథ్యం రాయమన్నప్పుడు కలంలోకి వచ్చేవి ఇవే.

ఇక ఒప్పులు. మొదటి యూనిట్లో ఏడు అంశాలుంటే యూరప్‌కు దక్కింది ఒక్కటి. తూర్పు ఆసియా, ఇస్లామిక్ ప్రపంచం, దక్షిణ, ఆగ్నేయాసియా, అమెరికా ఖండాలు, ఆఫ్రికా తలా ఒకటి తీసుకున్నాక యూరప్ వంతు వస్తుంది. ఏడోది వీటన్నిటినీ పోల్చడానికి. పాతకాలపు ‘వరల్డ్ హిస్టరీ’ పుస్తకాల్లో మధ్యయుగమంటే కోటలూ, సామంతులూ, మఠాలే. ఇక్కడ గ్రేట్ జింబాబ్వే రాతిగోడలు, ఇథియోపియా, హౌసా రాజ్యాలు, మెహికాలు (ఆజ్‌టెక్‌లు) సరస్సులో పెంచిన చినాంపా తోటలు, ఇంకాల మిత శ్రమపద్ధతి అన్నీ సమాన హోదాలో కూర్చుంటాయి. దక్షిణాసియా భాగంలో విజయనగరం, రాజపుత్ర రాజ్యాలు, భక్తి ఉద్యమం, సూఫీలు ఉన్నారు. కాకతీయులు లేరు.

లేకపోయినా నష్టం లేదు, ఎందుకో చాలామందికి తెలియదు. కోర్సు ప్రణాళికలో ప్రతి అంశం కింద రెండు రకాల సంగతులుంటాయి. ఒకటి తప్పనిసరిగా తెలియాల్సిన చారిత్రక పరిణామాలు. రెండోది ఉదాహరణల జాబితా. బహుళైచ్ఛిక ప్రశ్నలు మొదటిదాని మీదే వస్తాయి. రెండోది సూచన మాత్రమే, అందులో లేని ఉదాహరణ రాసినా అది సరైనదై, ప్రశ్నకు సంబంధించినదైతే మార్కు ఇవ్వాల్సిందే. అంటే ‘వర్తకాన్ని ప్రోత్సహించిన రాజ్యానికి ఒక ఉదాహరణ’ అన్నచోట శ్రీవిజయకు బదులు గణపతిదేవుణ్ణి రాసినా చెల్లుతుంది. జాబితా మొత్తం బట్టీపట్టించే ట్యూషన్ సెంటర్లు ఈ తేడా తెలియక పిల్లల మీద రెట్టింపు బరువు మోపుతున్నాయి. ఒక్కో అంశానికి రెండు ఉదాహరణలు, అవి కూడా లోతుగా తెలిస్తే చాలు.

రెండో యూనిట్ నాలుగింటిలోకీ బాగా కట్టింది. సిల్క్ రోడ్లు, మంగోలులు, హిందూ మహాసముద్రం, సహారా దాటే వర్తకం, వీటివల్ల సంస్కృతిలోనూ పర్యావరణంలోనూ వచ్చిన మార్పులు. ఇక్కడ ప్రతిదానికీ కారణం, ఫలితం గొలుసుకట్టుగా ఉంటాయి. రుతుపవనం ఆరు నెలలు ఒకవైపు వీస్తుంది, గాలి తిరిగేదాకా వర్తకుడు పరాయి రేవులో ఆగాలి. ఆగినవాడు ఇల్లు కట్టుకుంటాడు, అక్కడి పిల్లను పెళ్లాడతాడు, మసీదు లేస్తుంది, భాషలు కలుస్తాయి. తూర్పు ఆఫ్రికాలో స్వాహిలి తీరం అలా పుట్టింది. ఈ గొలుసు పట్టుకున్నవాడికి మలబారు రేవుల్లో అరబ్బులు, మలక్కాలో చైనీయులు ఎందుకున్నారో వేరుగా చెప్పక్కర్లేదు.

అయినా పిల్లలు ఎక్కువగా తప్పేదీ ఈ యూనిట్లోనే. సిల్క్ రోడ్ మీద ప్రశ్న వస్తే పట్టు, పింగాణీ, గుర్రాలు, సుగంధ ద్రవ్యాలు అని సరుకుల జాబితా రాసి ఊరుకుంటారు. ప్రశ్న అడిగేది సరుకులు కాదు, అవి కదలడానికి ఏం ఆధారమైందన్నది. దారి పొడవునా కారవాన్ సరాయిలు, హుండీల్లాంటి బ్యాంకు పత్రాలు, కాగితపు డబ్బు, సహారాలో ఒంటె జీను, సముద్రంలో త్రికోణపు తెరచాప, నక్షత్రాల ఎత్తు కొలిచే ఆస్ట్రోలేబ్. వీటిలో ఏదో ఒకటి తీసుకుని అది వర్తకుడి ఏ కష్టాన్ని తీర్చిందో ఒక వాక్యం రాస్తేనే మార్కు. మంగోలుల విషయంలో తప్పు వేరు. 1258లో బాగ్దాద్ ధ్వంసం గురించి పేజీ నింపి, వాళ్ల పాలనలో దారులు భద్రమై వర్తకం పెరగడాన్నీ, గ్రీకు, ఇస్లామిక్ వైద్యవిజ్ఞానం యూరప్‌కు చేరడాన్నీ, అవే దారుల్లో ప్లేగు నడిచి 1347లో యూరప్ రేవుల్లో దిగడాన్నీ వదిలేస్తారు. ఇంకో చిన్న సంగతి: మంగోల్, మొఘల్ ఒకటే అనుకుని రాసేవాళ్లు తక్కువేం కాదు. బాబరు తల్లివైపు చెంఘిజ్ వంశం, తండ్రివైపు తైమూర్ వంశం కాబట్టి ఆ పేరు అలా వచ్చింది. కానీ రెండు సామ్రాజ్యాల మధ్య మూడు వందల ఏళ్ల దూరం ఉంది.

మూడో యూనిట్ భూసామ్రాజ్యాలది. ఒట్టోమన్, సఫావిద్, మొఘల్, చైనాను ఏలిన మంచూ. తుపాకిమందు అనే ఒక్క మాటతో అన్నిటినీ కట్టేయడం ఇక్కడి జబ్బు. దీనికి మందు ఒక పట్టిక. పెద్ద కాగితం అడ్డంగా పెట్టి నాలుగు సామ్రాజ్యాలకు నాలుగు వరసలు గీసి, అయిదు గళ్లు వేయాలి: ఎలా విస్తరించింది, ఎవరి చేత పాలించింది, పన్ను ఎలా వసూలు చేసింది, తన అధికారం న్యాయమైనదని ఎలా చాటుకుంది, వేరే మతాలవాళ్లను ఎలా చూసింది. ఒట్టోమన్ వరసలో 1453 కాన్‌స్టాంటినోపుల్. బాల్కన్ క్రైస్తవ పిల్లలను తెచ్చి సైనికులుగా, అధికారులుగా తయారుచేసే దేవ్‌షిర్మే. పన్ను వసూలు హక్కును వేలం వేయడం. మొఘల్ వరసలో 1526 పానిపట్టు, మన్సబ్‌దారులు, జమీందారుల ద్వారా శిస్తు, తాజ్‌మహల్ వంటి సమాధులు, 1564లో అక్బర్ ముస్లిమేతరుల మీది జిజియా పన్ను తీసేయడం, 1679లో ఔరంగజేబు మళ్లీ వేయడం. ఈ పట్టిక నిండిందంటే పోలిక వ్యాసం సగం రాసినట్టే. పశ్చిమ ఆఫ్రికా సామ్రాజ్యం సోంఘాయ్ కోసం అయిదో వరస కలిపితే ఇంకా మంచిది, ఎందుకంటే 1591లో మొరాకో సైన్యం తుపాకులతో వచ్చి సోంఘాయ్‌ను తోందిబీ దగ్గర ఓడించింది. తుపాకిమందు కట్టిన సామ్రాజ్యాల పక్కన అదే మందు కూల్చిన సామ్రాజ్యం ఉంటే వాదనకు పదును వస్తుంది.

యూరప్ మతసంస్కరణలు కూడా ఈ యూనిట్లోనే ఒక మూల సర్దారు. 1517 లూథర్, ట్రెంట్ సభ, అంతే. యూరప్ చరిత్ర వేరే కోర్సులో ఉంది కాబట్టి ఇది సరిపోతుంది.

నాలుగో యూనిట్లో వెండి కథ అర్థమైతే తక్కినదంతా దానికి అతుక్కుంటుంది. 1545లో ఇప్పటి బొలీవియాలోని పొటోసీలో వెండికొండ దొరికింది. స్పానిష్ పాలకులు ఇంకాల మిత పద్ధతి పేరును నిలుపుకుని దాని ప్రాణం తీసేశారు. పాత మితలో మనిషి రోడ్లకూ గిడ్డంగులకూ పనిచేసి, కరువొస్తే అదే గిడ్డంగి తిండి తినేవాడు. కొత్త మితలో గనిలోకి దిగేవాడు, బదులుగా వచ్చేది దాదాపు సున్నా. ఈ రెండు మితల తేడా పరీక్షల్లో ఎంతగా కలగాపులగం అవుతుందో చెప్పలేం. 1571లో స్పెయిన్ మనీలాను కేంద్రం చేసుకుంది. మెక్సికో రేవు అకపుల్కో నుంచి వెండి నేరుగా పసిఫిక్ దాటింది. ఇంత వెండీ చైనాకే ఎందుకు పోయింది? మింగ్ ప్రభుత్వం పన్నులు వెండిలో కట్టమంది కాబట్టి. ఆ ఒక్క వాక్యం రాయనివాడు వెండి ప్రయాణం చెబుతాడు, కారణం చెప్పడు. జపాన్ గనుల వెండి కూడా చైనా చేరిందని గుర్తుంచుకుంటే మొత్తం ఘనతను యూరప్ ఖాతాలో వేసే పొరపాటు తప్పుతుంది.

కొలంబియన్ మార్పిడి, అంటే కొలంబస్ తర్వాత రెండు ప్రపంచాల మధ్య పంటలూ జంతువులూ రోగాలూ మారడం, దీని మీద మన పిల్లలకో చిన్న సౌలభ్యం ఉంది. మిరప, టమాటా, బంగాళాదుంప, మొక్కజొన్న, వేరుశనగ, జామ, బొప్పాయి అమెరికా ఖండాల నుంచి వచ్చినవేనని చెబితే ఆ పాఠం ఇక మరిచిపోరు. పరీక్షకు కావలసింది మాత్రం అక్కడితో ఆగదు. కొత్త పంటలు పండని నేలల్లో పండి జనాభాను పెంచాయి. మశూచి అమెరికా జనాభాను కూల్చింది. ఆ కూలిన శ్రమ స్థానంలో చెరకు తోటలకు ఆఫ్రికా నుంచి బానిసలను తెచ్చారు. మూడో ముక్క రెండో ముక్కతో కలపకపోతే అది సగం జవాబే. ప్రతిఘటన మీద అంశం కూడా ఇక్కడుంది: బ్రెజిల్, కరీబియన్‌లలో పారిపోయిన బానిసల మరూన్ సమాజాలు, స్పానిష్ పాలన మీద 1680 ప్యూబ్లో తిరుగుబాటు, మొఘలులతో మరాఠాల పోరు. మరాఠాలు మన పిల్లలకు తెలిసినవాళ్లే కదా అని వదిలేస్తుంటారు, తెలిసినదాన్నే బాగా రాయొచ్చన్న ఆలోచన రాక.

పరీక్ష మొత్తం 3 గంటల 15 నిమిషాలు. 55 బహుళైచ్ఛిక ప్రశ్నలకు 55 నిమిషాలు, 40 శాతం. మూడు లఘు సమాధానాలకు 40 నిమిషాలు, 20 శాతం. పత్రాల ఆధారంగా రాసే వ్యాసం, అందరూ డీబీక్యూ అనేది, 60 నిమిషాలు, 25 శాతం. దీర్ఘవ్యాసం, అంటే ఎల్ఈక్యూ, 40 నిమిషాలు, 15 శాతం. బహుళైచ్ఛికంలో ప్రశ్నలు గుత్తులుగా వస్తాయి, ప్రతి గుత్తికీ ఒక పాఠ్యభాగమో పటమో చిత్రమో ఉంటుంది. తప్పుకు కోత లేదు, ఏదీ ఖాళీగా వదలకూడదు. లఘు సమాధానాల్లో మూడోది ఎంచుకోవచ్చు: ఒకటి 1200–1750 నుంచి, ఇంకోటి 1750 తర్వాత నుంచి.

డీబీక్యూ దగ్గర ఆగాలి, ఎందుకంటే ఈ కోర్సు విలువంతా ఇక్కడే ఉంది. పాఠ్యపుస్తకం చదివి వచ్చే విద్య కాదిది. ఏడు పత్రాలిస్తారు: యాత్రికుడి రాత, రాజు ఆజ్ఞ, వర్తకుడి ఉత్తరం, చిత్రం, పటం. వాటితో వాదన కట్టాలి. మొత్తం 7 పాయింట్లు. వాదన వాక్యానికి 1, నేపథ్యానికి 1, పత్రాల వాడకానికి 2, పత్రాల్లో లేని బయటి ఆధారానికి 1, పత్రాన్ని ఎవరు ఎందుకు రాశారో వివరించడానికి 1, లోతుకు 1. పత్రాలకు రెండు పాయింట్లూ రావాలంటే కనీసం నాలుగింటిని వాదనకు ఆధారంగా వాడాలి. ఆరు వాడటం మేలు, ఒకటో రెండో తప్పుగా అర్థం చేసుకున్నా పాయింట్లు పోవు. ఎవరు ఎందుకు రాశారన్నది రెండు పత్రాలకు చాలు, కానీ మూడింటికి చేయాలి, కారణం అదే.

ఇలాంటి ప్రశ్న ఒకటి అనుకుందాం: 1450–1750 మధ్య హిందూ మహాసముద్ర వర్తకాన్ని యూరోపియన్లు ఎంతవరకు మార్చారు? ‘కొన్ని మార్పులు వచ్చాయి, కొన్ని పాతవే మిగిలాయి’ అని రాస్తే పాయింటు రాదు, ఏ ప్రశ్నకైనా అతికే వాక్యమది. ‘పోర్చుగీసులు కోటలతో, కార్తాజ్ అనే అనుమతి చీటీలతో సముద్రం మీద బలప్రయోగాన్ని తెచ్చినా వర్తకంలో అధికభాగం గుజరాతీ, అరబ్బు, మలయ్ వర్తకుల చేతుల్లోనే ఉండిపోయింది, డచ్ కంపెనీ సుగంధ ద్రవ్యాల దీవులనే పట్టుకున్నాక మాత్రమే మార్పు లోతుకు దిగింది’ అంటే అది వాదన. అందులో ఎంతవరకు అన్నదానికి జవాబుంది, ఎందుకు అన్నదీ ఉంది. బయటి ఆధారంగా 1511లో మలక్కా పట్టుకోవడం రాయొచ్చు. పేరొక్కటే రాస్తే చాలదు. మలక్కాను పోగొట్టుకున్న ముస్లిం వర్తకులు ఆచే వంటి రేవులకు తరలి మిరియాలను ఎర్రసముద్రానికి పంపుతూనే ఉన్నారు కాబట్టి గుత్తాధిపత్యం చిక్కలేదు అని కలిపితేనే ఆధారమవుతుంది.

నేపథ్యం రాసేటప్పుడు పాత పుస్తకాల్లోని ఒక వాక్యం ఇప్పటికీ వచ్చి కూర్చుంటుంది: 1453లో తురుష్కులు కాన్‌స్టాంటినోపుల్ పట్టుకుని దారి మూసేశారు, అందుకే యూరోపియన్లు సముద్రం పట్టారు అని. వెనీసు వర్తకులు మిరియాలు కొన్నది ప్రధానంగా అలెగ్జాండ్రియాలో, అది 1517 దాకా ఈజిప్టు మామ్లుక్‌ల చేతిలో ఉంది. వాస్కో డ గామా కాలికట్ చేరింది 1498లో. తేదీలు పక్కపక్కన పెడితే ఆ వాక్యం నిలవదు. దాని బదులు రుతుపవన వర్తకం, ముస్లిం వర్తకుల అల్లిక, 1433లో చైనా నౌకాధిపతి జెంగ్ హే యాత్రలు ఆగిపోవడం కలిపి మూడు నాలుగు వాక్యాలు రాస్తే నేపథ్యం గట్టిగా ఉంటుంది.

ఎవరు ఎందుకు రాశారు అన్న పాయింటు దగ్గర ఎక్కువమంది జారతారు. ‘ఈయన వర్తకుడు కాబట్టి పక్షపాతం ఉంటుంది’ అని రాసి చేతులు దులుపుకుంటారు. దీనికి తెలుగు ఇళ్లలో ఇచ్చుకోదగిన సాధన ఒకటుంది. 1244–45 నాటి మోటుపల్లి అభయశాసనం తీసుకోండి. తుపానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు లాక్కునేవారని, తాను నిర్ణీత సుంకం తప్ప ఏమీ తీసుకోనని గణపతిదేవుడు అందులో సముద్ర వర్తకులకు హామీ ఇచ్చాడు. ఇప్పుడు అడగండి: ఇది ఎవరికోసం రాయించింది? దూరదేశాల వర్తకుల కోసం. ఎందుకు? భయపడి రాని ఓడలను రప్పించడానికి. అలాంటప్పుడు పాత రాజుల దోపిడీని కాస్త ఎక్కువ చేసి చెప్పే అవకాశం ఉందా? ఉంది, తన హామీ విలువ పెరుగుతుంది కాబట్టి. అయితే శాసనం పనికిరాదా? పనికొస్తుంది: తీర రాజ్యాలు వర్తకుల కోసం పోటీపడేవని, సుంకానికి హద్దు పెట్టుకోవడమే వాళ్ల ఆయుధమని అది రుజువు చేస్తుంది. ఈ చివరి వాక్యం దాకా వస్తేనే పాయింటు. పక్షపాతం కనిపెట్టడంతో పని అయిపోదు, ఆ పక్షపాతం వాదనకు ఏం చెబుతోందో చెప్పాలి.

దాని పక్కన మార్కో పోలో రాతను పెట్టండి. మోటుపల్లిని ముత్ఫిలి అని, అక్కడి వజ్రాలను, సన్నబట్టలను పొగిడాడు. రాజ్యాన్ని రాజుగారి వితంతువు ఏలుతోందన్నాడు. రుద్రమదేవి గణపతిదేవుడి కూతురని శాసనాలు చెబుతున్నాయి. యాత్రికుడు విన్నదాన్ని రాశాడు, బంధుత్వం తప్పింది. మరి బట్టల గురించి చెప్పింది నమ్మొచ్చా? సరుకు విలువ తెలిసిన వర్తక కుటుంబపు మనిషి కాబట్టి అక్కడ అతని మాటకు బరువెక్కువ. ఒకే మనిషి ఒక విషయంలో నమ్మదగినవాడు, ఇంకో విషయంలో కాదు. పదిహేనేళ్ల పిల్లలకు ఈ సంగతి తెలియడం ఈ కోర్సు ఇచ్చే పెద్ద లాభం. 1450కి ముందువి కాబట్టి ఈ రెండూ డీబీక్యూలో పత్రాలుగా రావు, ఆ ప్రశ్న ఎప్పుడూ 1450 తర్వాత కాలం మీదే ఉంటుంది. నేపథ్యంలోనూ, 1200–1750 ఎల్ఈక్యూలోనూ మాత్రం నిశ్చింతగా వాడుకోవచ్చు.

ఎల్ఈక్యూలో మూడు ప్రశ్నల్లో ఒకటి ఎంచుకోవాలి: 1200–1750, 1450–1900, 1750–2001. చాలామంది చివరిదాని వైపు పరిగెడతారు, ఇరవయ్యో శతాబ్దం తెలిసినట్టు అనిపిస్తుంది గనక. మొదటి నాలుగు యూనిట్లు పైన చెప్పినట్టు చదివినవాళ్లకు మొదటిదే సులువు. అక్కడ కావలసిన ఉదాహరణలు తక్కువ, గొలుసులు స్పష్టం. 40 నిమిషాల్లో 6 పాయింట్ల వ్యాసం. మొదటి 7 నిమిషాలు రాయకుండా ప్రణాళిక వేయడం అవసరం.

కోర్సుతో వచ్చే సరంజామా సంగతి. ఏపీ క్లాస్‌రూమ్ అనే వెబ్‌సైట్లో ప్రతి అంశానికీ చిన్న వీడియోలు, ప్రతి యూనిట్ చివర ప్రోగ్రెస్ చెక్ ఉంటాయి. వీడియోలు ఒక మాదిరి, వాటిని ఒకటిన్నర వేగంతో చూసి సరిపెట్టొచ్చు. ప్రోగ్రెస్ చెక్ ప్రశ్నలు మాత్రం అసలు పరీక్షకు చాలా దగ్గరగా ఉంటాయి, అయితే వాటిని ఉపాధ్యాయుడు తెరిస్తేనే కనిపిస్తాయి. తెరవని బడుల్లో అడిగి తెరిపించుకోవాలి. అన్నిటికంటే విలువైనవి ఎవరైనా ఉచితంగా దించుకోగల గత సంవత్సరాల వ్యాస ప్రశ్నలు, వాటికి మార్కులు వేసిన విధానం, నిజంగా రాసిన నమూనా జవాబులు. ఒక మంచి జవాబునూ ఒక మధ్యస్థ జవాబునూ పక్కపక్కన పెట్టి ఎక్కడ పాయింటు పోయిందో గీత గీయడం మూడు వీడియోలు చూడటం కంటే ఎక్కువ నేర్పుతుంది.

ఈ పాత సరుకుతో జాగ్రత్త. 2019 దాకా జరిగిన పరీక్షల ప్రశ్నల్లో ప్రాచీన కాలం కూడా ఉంటుంది. 2023 మే పరీక్ష దాకా మార్కుల పద్ధతి ఇంకా కఠినం, పత్రాల రెండో పాయింటుకు ఆరు పత్రాలు కావాల్సి వచ్చేది. అన్నయ్యో అక్కో వాడిన గైడు చేతికొస్తే ముందు అందులో యూనిట్లు తొమ్మిదా కాదా చూడాలి. తొమ్మిది కాకపోతే ఆ పుస్తకంలో సంగతులు చదవొచ్చు గానీ మాదిరి పరీక్షలు రాయకూడదు.

2025 మే నుంచి పరీక్ష పూర్తిగా బ్లూబుక్ అనే యాప్‌లో, కంప్యూటర్ మీదే. డీబీక్యూ పత్రాలు తెర మీద చదవాలి, జవాబు టైపు చేయాలి. కాగితం మీద సాధన చేసిన పిల్లలకు ఏడు పత్రాల మధ్య అటూ ఇటూ తిరగడంలోనే నిమిషాలు పోతాయి. యాప్‌లో అండర్‌లైన్, నోట్ పెట్టుకునే వీలుంది, చిత్తుకాగితం కూడా ఇస్తారు. ఆ చిత్తుకాగితాన్ని ఏడు గళ్లుగా గీసి ఒక్కో పత్రానికి ఒక్కో గడిలో మూడు ముక్కలు రాసుకోవాలి: ఏం చెబుతోంది, వాదనలో ఏ వైపు నిలుస్తుంది, ఎవరి కోసం రాశారు. డీబీక్యూ 60 నిమిషాల్లోని 15 నిమిషాల చదివే సమయం దానికే సరిపోతుంది. ఆ తర్వాత పత్రాల వైపు చూడటం ఒక మాట సరిచూసుకోవడానికే. ఏప్రిల్లో వారానికొకటి చొప్పున నాలుగు డీబీక్యూలు ఇలా, గడియారం పెట్టుకుని, యాప్ ప్రివ్యూ తెర మీదే రాస్తే చాలు. అయిదోది రాయించే సమయంలో మూడో యూనిట్ సామ్రాజ్యాల పట్టికలోని ఖాళీ గళ్లు నింపించడం మంచిది.